దీవిని కౌలుకిచ్చిన దేశం: మాల్దీవుల పర్యాటకంలో లీజు పాత్ర

మాల్దీవుల గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా నీలి నీళ్లు, నీటి మీద కట్టిన విల్లాలు, కొత్త దంపతుల విహారం దగ్గరే ఆగిపోతాయి. 2024 జనవరిలో భారత్, మాల్దీవుల మధ్య లక్షద్వీప్ వివాదం చెలరేగినప్పుడు కొన్నాళ్లు రాజకీయం కూడా వాటిలో చేరింది. ఆ దేశం పర్యాటకం మీద ఎలా బతుకుతోంది, వచ్చిన డబ్బు ఎవరి చేతిలో నిలుస్తోంది అన్న ప్రశ్నను మనం పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన ప్రశ్నే అది. 1,192 దీవులు కలిపినా అక్కడి నేల 300 చదరపు కిలోమీటర్లు ఉండదు. అంటే పాత గ్రేటర్ హైదరాబాద్‌లో సగం కూడా కాదు. దేశంలో నివసించే మాల్దీవియన్లు నాలుగు లక్షల లోపు. 2024లో ఆ దేశానికి వచ్చిన పర్యాటకులు 20 లక్షలు దాటారు. ఒక్కో పౌరుడికి ఏడాదికి ఐదుగురు అతిథులన్న మాట.

ఈ స్థితికి ఆ దేశం యాభై ఏళ్లలో చేరింది. దీనికి సాధారణంగా చెప్పే కారణాలు మూడు: పగడపు దీవుల అందం, ఐరోపా నుంచి చార్టర్ విమానాలు మొదలు కావడం, ఒక దీవికి ఒకే రిసార్టు అన్న విధానం. మూడూ నిజమే. అయితే ఈ మూడింటినీ కలిపి పట్టి ఉంచిన సాధనం లీజు పత్రం. జనం లేని దీవిని ప్రభుత్వం ఎవరికి, ఎన్నేళ్లకు, ఏ లెక్కన కౌలుకిచ్చింది అన్నదాన్ని బట్టే అక్కడి పర్యాటకం ఎదిగిన తీరు, సంపద పంచుకున్న తీరు, ఆ ఆర్థిక వ్యవస్థలోని బలహీనతలు కూడా చాలావరకు నిర్ణయమయ్యాయి. ఈ వ్యాసం ఆ చరిత్రను కౌలు వైపు నుంచి పరిశీలిస్తుంది.

వరువా నుంచి రిసార్టు దాకా

పర్యాటకులు రాకముందు మాల్దీవుల బతుకు ట్యూనా చేప. మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సూర అని పిలిచే జాతి అది. అక్కడివాళ్లు దాన్ని వల వేసి పట్టరు, గాలం కర్రతో ఒక్కొక్కటిగా లాగుతారు. ఉడికించి, పొగబెట్టి, రాయిలా గట్టిపడేదాకా ఎండబెట్టిన ఆ చేపను తరతరాలుగా శ్రీలంక కొనేది. 1970ల మొదట్లో శ్రీలంక విదేశీ మారక ద్రవ్యానికి కటకటలాడుతూ ఆ దిగుమతులను తెగ్గోయడంతో మాల్దీవుల ప్రధాన విపణి కుప్పకూలింది. దక్షిణాన అడ్డూ అటాల్ (పగడపు దీవుల వలయం)లోని గాన్ దీవిలో బ్రిటిష్ వైమానిక స్థావరం కొన్ని వందల మందికి పని ఇచ్చేది. 1976లో అదీ మూతపడింది. చేప అమ్ముడుపోని రోజుల్లో, కూలి దొరికే స్థావరం వెళ్లిపోతున్న రోజుల్లో పర్యాటకం ఆ దేశంలో అడుగుపెట్టిందని గుర్తుంచుకుంటే, ప్రభుత్వం అంత తొందరగా దాన్ని ఎందుకు అందుకుందో అర్థమవుతుంది.

అంతకు కొన్నేళ్ల ముందే వచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణులు ఈ దీవులు పర్యాటకానికి పనికిరావని తేల్చారు. వాళ్ల లెక్కలో తప్పు పట్టడం కష్టం. రేవు సరిగా లేదు, కరెంటు రాజధాని మాలెలో మాత్రమే కొద్దిగా ఉంది, బయటి ప్రపంచంతో టెలిఫోన్ సంబంధం లేదు, బ్యాంకు లేదు. 1971లో జార్జ్ కార్బిన్ అనే ఇటలీ ట్రావెల్ ఏజెంటు జనం ఎరగని దీవుల కోసం వెతుకుతూ కొలంబో చేరాడు. అక్కడి మాల్దీవుల రాయబార కార్యాలయంలో పనిచేస్తున్న అహ్మద్ నసీమ్ పరిచయంతో సరుకుల ఓడ ఎక్కి మాలె వచ్చాడు. మరుసటి ఏడాది మొదట్లో ఇటాలియన్ల చిన్న బృందాన్ని తీసుకొచ్చాడు. వాళ్లు మాలెలో ఇళ్లలోనే బస చేశారు. నసీమ్, మొహమ్మద్ ఉమర్ మనికు, హుస్సేన్ అఫీఫ్ అనే ముగ్గురు యువకులు వాళ్లకు చేపలు వండిపెట్టి, సముద్రంలో తిప్పారు. 1972 అక్టోబరులో విహమనాఫుషి అనే కొబ్బరి దీవిలో 30 గదులతో కురుంబా రిసార్టు తెరుచుకుంది. పగడపు రాళ్ల గోడలు, కొబ్బరాకు కప్పులు, స్నానానికి ఉప్పు కలిసిన బావి నీళ్లు. ఆ ఏడాది చివరికి బండోస్ కూడా వచ్చింది.

విహమనాఫుషి అంతకుముందు ఎవరి సొత్తన్నది ఈ వ్యాసానికి కీలకం. మాల్దీవుల్లో జనం లేని దీవులు రాజ్యానివి. ‘వరువా’ అనే పాత పద్ధతిలో వాటిని కౌలుకిచ్చేవారు. కౌలుదారు కొబ్బరికాయలు, కలప, చుట్టుపక్కల దొరికేవి అనుభవించి రాజ్యానికి మక్తా కట్టేవాడు. కోనసీమలో కొబ్బరితోటను ఏడాది కౌలుకు తీసుకునే మనిషికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. రిసార్టుకు కావలసిన చట్టపు చట్రం ఇలా ముందే సిద్ధంగా ఉంది. కొబ్బరి స్థానంలో పర్యాటకుడు వచ్చాడు. ప్రైవేటు భూమి కొనుగోళ్లు లేవు, రైతుల నుంచి నేల సేకరించే గొడవ లేదు, ఊళ్లను ఖాళీ చేయించాల్సిన పనీ పెద్దగా రాలేదు. ప్రపంచంలో పర్యాటకం ఎదిగిన చాలా చోట్ల భూమి ధరలు పెరిగి స్థానికులు తీరం నుంచి తప్పుకోవలసి వచ్చింది. మాల్దీవుల్లో భూస్వామి రాజ్యమే కావడంతో ఆ కథ అలా నడవలేదు. వేరే దారి పట్టింది.

ఒక దీవి, ఒక రిసార్టు

మొదటి కౌళ్లు కొద్ది ఏళ్లకే ఇచ్చినవి, అద్దె కూడా తక్కువే. 1979లో పర్యాటక చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక్కో అతిథి ఒక్కో రాత్రికి 3 డాలర్ల పడక పన్ను మొదలై, తర్వాత 6కి, 2004లో 8కి పెరిగింది. 1981 నవంబరులో మాలె పక్కనున్న హుల్హులే విమానాశ్రయం పెద్ద విమానాలకు సరిపడా విస్తరించి ప్రారంభమైంది. ఐరోపా నుంచి నేరుగా చార్టర్ విమానాలు దిగడం అప్పటి నుంచే. 1983లో తొలి బృహత్ ప్రణాళిక తయారైంది. రిసార్టులు ముందు విమానాశ్రయానికి దగ్గరి కాఫు అటాల్‌లో, తర్వాత పడమటి వైపు అరి అటాల్‌లో పుట్టుకొచ్చాయి. 1990ల్లో సీప్లేన్లు వచ్చాక దోనీ పడవలో సగం రోజు పట్టే దూరం ముప్పావు గంటకు తగ్గింది. దూరపు అటాళ్లలోని దీవులకు కూడా కౌలు ధర పలకడం మొదలైంది.

కట్టడాల నిబంధనలు చదివితే ఆ విధానకర్తల చూపు ఎంత స్పష్టమో తెలుస్తుంది. దీవి నేలలో కట్టడం 20 శాతం దాటరాదని మొదట్లో నియమం. భవనం చెట్ల తలలు మించరాదు. తీరంలో కొంత భాగం ఖాళీగా వదలాలి, ప్రతి గదికీ ఎదురుగా ఇన్ని మీటర్ల ఇసుక ఉండాలి. కరెంటు జనరేటర్లు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు, మురుగు శుద్ధి, చెత్త కాల్చే కొలిమి, సిబ్బంది నివాసాలు అన్నీ రిసార్టే పెట్టుకోవాలి. మౌలిక వసతులకు డబ్బు లేని ప్రభుత్వం ఆ భారాన్ని లీజు షరతుల్లో రాసి కౌలుదారు నెత్తిన పెట్టింది. నా అంచనాలో మాల్దీవుల విధానంలోని అసలు తెలివి ఇక్కడుంది. అప్పు చేయకుండానే దేశంలో వందకు పైగా చిన్న పట్టణాలు వెలిశాయి.

ఆ తెలివికి చెల్లించిన మూల్యం కూడా అక్కడే ఉంది. రిసార్టు పెట్టుకున్న జనరేటరు పక్క దీవి ఊరికి ఒక్క దీపం వెలిగించలేదు. దాని నీటి ప్లాంటు పక్క ఊరి దాహం తీర్చలేదు. పర్యాటకం నుంచి ప్రజా వసతులు పుట్టే మామూలు దారిని మూసేసిందీ ఆ లీజు షరతే. 1980ల మధ్యలో అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ ప్రభుత్వం జనం ఉన్న దీవుల్లో విదేశీయులకు బస ఏర్పాట్లను నిషేధించింది. ముస్లిం సమాజపు ఆచారాలను కాపాడడానికే ఆ పని చేశామని చెప్పింది. మద్యం రిసార్టులకే పరిమితమైంది. ఆ కారణాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. చిన్న ఊళ్లు పెద్ద పర్యాటక ప్రవాహానికి ఎలా తబ్బిబ్బవుతాయో ఆసియాలో ఎన్నో ఉదాహరణలున్నాయి. అయితే ఆ నిషేధం వల్ల లాభపడిందెవరో కూడా చూడాలి. ఇరవై అయిదేళ్ల పాటు పర్యాటక వ్యాపారంలోకి రావాలంటే దీవిని కౌలుకు పట్టే స్తోమత, పలుకుబడి ఉండాలి. మాలెలోని కొన్ని వ్యాపార కుటుంబాలకే అవి ఉండేవి. ప్రభుత్వం నుంచి తక్కువ అద్దెకు దీవి తీసుకుని, విదేశీ హోటల్ సంస్థకు ఎన్నో రెట్లకు మారు కౌలుకిచ్చి, మధ్య తేడాతో బతకడం ఒక వృత్తిగా మారింది.

డబ్బు నడిచే దారి

జమైకా ఆర్థికవేత్త జార్జ్ బెక్‌ఫర్డ్ 1972లో వెలువరించిన ‘పర్సిస్టెంట్ పావర్టీ’ కరీబియన్ చెరకుతోటల ఆర్థిక వ్యవస్థ మీద రాసిన పుస్తకం. తోటకు పక్క ఊరితో కంటే విదేశంలోని పెట్టుబడిదారుతో, అక్కడి విపణితో సంబంధం గట్టిది, అందుకే తోట ఎంత పండినా ఊరు పేదగానే ఉండిపోతుందని ఆయన వాదన. రిసార్టు దీవిని ఆ తోటతో పోల్చాలన్న ఆశ ఏ పరిశోధకుడికైనా కలుగుతుంది. పోలిక సగం మేరకు నిలుస్తుంది. రిసార్టు వంటగదికి వచ్చే కూరగాయలు, మాంసం, పాలు, మంచాలు, పింగాణీ, డీజిలు దాదాపు అన్నీ విదేశాలవే. నిర్వహణ సంస్థకు కట్టే రుసుము బయటికి పోతుంది. పర్యాటకుడు ప్యాకేజీకి కట్టిన సొమ్ము అతని దేశంలోని ఏజెన్సీ ఖాతాలో పడుతుంది. పర్యాటక ఆర్థికవేత్తలు ‘లీకేజీ’ అనేది ఇదే. ఊళ్లో నిలవకుండా కారిపోయే రాబడి. ఉపాధి లెక్క తీసినా చిత్రం మారదు. 2022 జనగణన ప్రకారం దేశంలో ఉంటున్న సుమారు 5.15 లక్షల మందిలో నాలుగో వంతు విదేశీయులు. రిసార్టుల్లో బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, నేపాల్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవారు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. సిబ్బందిలో సగం మంది స్థానికులుండాలన్న తరహా నిబంధనలు ఎప్పటి నుంచో ఉన్నా అమలు అంతంతమాత్రమే.

మాల్దీవియన్ స్త్రీల వాటా మరీ తక్కువ. దానికి మతాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపడం సోమరితనం. రిసార్టు కొలువంటే ఇల్లు వదిలి నెలల తరబడి వేరే దీవిలోని సిబ్బంది గదుల్లో ఉండడం. బిడ్డల తల్లికి అది కుదరదు. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే పడవ సౌకర్యం ఉన్న దీవుల్లో స్త్రీలు పనికి వెళ్లిన సందర్భాలున్నాయి. దీవికొక రిసార్టు అన్న ఏర్పాటే ఆ దూరాన్ని సృష్టించిందని గుర్తిస్తే, లీజు షరతుల్లో రోజువారీ పడవ ఒకటి రాసి ఉంటే ఎంత మారేదో ఊహించవచ్చు.

పోలిక నిలవని సగం కూడా ముఖ్యమే. మాల్దీవుల్లో పేదరికం అలాగే ఉండిపోలేదు. 1970ల్లో యాభై ఏళ్లు కూడా లేని సగటు ఆయుర్దాయం ఇప్పుడు ఎనభైకి చేరువైంది. 2011 జనవరిలో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి తొలగించింది. 2012లో ఆసంధ పేరుతో అందరికీ ఆరోగ్య బీమా వచ్చింది. తోటల యజమాని ఊరికి ఏమీ ఇవ్వకపోయినా, ఇక్కడ భూస్వామి రాజ్యం కాబట్టి అద్దె, పన్ను ఖజానాకు వచ్చాయి. బడి, ఆసుపత్రి, రేవు ఆ డబ్బుతో కట్టినవే. బెక్‌ఫర్డ్ చూసిన కరీబియన్‌కు, మాల్దీవులకు తేడా ఆ యాజమాన్యంలో ఉంది.

ఆ రాబడి రూపం 2010 తర్వాత మారింది. అద్దెను పడకల లెక్క నుంచి దీవి విస్తీర్ణం లెక్కకు మార్చారు. 2011లో పర్యాటక వస్తు సేవల పన్ను 3.5 శాతంతో మొదలై, 2014 చివరికి 12కు, 2023 జనవరిలో 16కు, 2025 జులైలో 17 శాతానికి చేరింది. పడక పన్ను 2014లో రద్దయి, 2015 నవంబరు నుంచి హరిత పన్ను వచ్చింది. రాత్రికి 6 డాలర్లున్న దాన్ని 2025 జనవరి నుంచి రిసార్టు అతిథికి 12 చేశారు. పడక పన్ను కాలంలో రాత్రికి రెండు వేల డాలర్ల విల్లాకూ, నూరు డాలర్ల గదికీ ఒకే 8 డాలర్లు పడేవి. ఖరీదును బట్టి పన్ను పడడానికి దేశం నలభై ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఈ ఆలస్యం వల్ల ఖజానా పోగొట్టుకున్నది చిన్న మొత్తం కాదని నా నిశ్చితాభిప్రాయం.

ఇక డాలర్ల సంగతి. రిసార్టులు ధరలు డాలర్లలో పెడతాయి, డాలర్లలో వసూలు చేస్తాయి, అందులో చాలా భాగం విదేశీ ఖాతాల్లోనే ఉంచుకుంటాయి. బియ్యం, డీజిలు, మందులు కొనాల్సిన దేశానికి మాత్రం డాలర్లు చాలవు. అధికారికంగా డాలరుకు 15.42 రుఫియాలు. బజారులో అంతకంటే చాలా ఎక్కువ పెడితే గానీ దొరకదు. ఏటా వందల కోట్ల డాలర్ల పర్యాటకం నడిచే దేశం 2024లో అప్పు వాయిదాలు కట్టలేని అంచుకు వచ్చింది. ఆ ఏడాది భారతీయ స్టేట్ బ్యాంకు 5 కోట్ల డాలర్ల ట్రెజరీ బిల్లులను రెండుసార్లు పొడిగించింది. అక్టోబరులో మన రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి సదుపాయం ఇచ్చింది. స్టేట్ బ్యాంకుకు ఈ సంబంధం కొత్తది కాదు. 1974 ఫిబ్రవరిలో మాలెలో శాఖ తెరిచి, తొలితరం రిసార్టులకు అప్పులిచ్చింది ఆ బ్యాంకే. 2024 అక్టోబరులోనే మాల్దీవుల కేంద్ర బ్యాంకు కొత్త నిబంధన తెచ్చింది: రిసార్టులు ఒక్కో పర్యాటకుడికి 500 డాలర్ల చొప్పున స్థానిక బ్యాంకుల్లో మార్చుకోవాలి. తర్వాత వచ్చిన చట్టం అమ్మకాల్లో 20 శాతం మార్చుకునే వీలూ ఇచ్చింది. లీజు పత్రంలో మొదటి రోజే ఉండాల్సిన షరతు అర్ధ శతాబ్దం తర్వాత చట్టంగా వచ్చిందని నేను చూస్తాను.

దెబ్బలు

ఒకే పంట మీద బతికే నేలకు కరువు వస్తే ఏమవుతుందో మాల్దీవులు రెండుసార్లు చూశాయి. 2004 డిసెంబరు 26 సునామీలో వందమందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, ఐక్యరాజ్యసమితి కలిసి వేసిన అంచనాలో నష్టం జాతీయోత్పత్తిలో 62 శాతం. పర్యాటకుల సంఖ్య 6.16 లక్షల నుంచి 3.95 లక్షలకు పడిపోయి, ఏడాది తిరిగేసరికి మళ్లీ 6 లక్షలు దాటింది. 2020 మార్చి 27న కోవిడ్ కారణంగా సరిహద్దులు మూశారు. 2019లో 17 లక్షలున్న సందర్శకులు 5.55 లక్షలకు తగ్గారు. జాతీయోత్పత్తి దాదాపు మూడో వంతు కుంగింది. అయినా జులై 15కే మళ్లీ తలుపులు తెరవగలిగారు. సముద్రం మధ్య విడిగా ఉన్న రిసార్టు దీవి దానంతటదే క్వారంటైన్ కావడం అందుకు కారణం. జనం ఉన్న దీవుల్లోని గెస్ట్‌హౌస్‌లకు అనుమతి అక్టోబరు మధ్యలో గానీ రాలేదు. విపత్తు నుంచి ఎవరు ముందు కోలుకుంటారన్నది కూడా దీవి రకాన్ని బట్టే ఉంది.

2020 నుంచి మూడేళ్లకు పైగా అక్కడికి ఎక్కువగా వెళ్లింది మనవాళ్లే. 2021లో భారతీయులు 2.9 లక్షలు. 2024 వివాదం తర్వాత ఆ ఏడాది సంఖ్య, ముందటి ఏడాది 2.09 లక్షల నుంచి 1.3 లక్షలకు తగ్గింది, చైనా మొదటి స్థానానికి వచ్చింది. బహిష్కరణ పిలుపులతో ఆ దేశం కుప్పకూలుతుందని మన టీవీల్లో జోస్యాలు చెప్పారు. ఆ ఏడాదే మొత్తం సందర్శకులు 20 లక్షలు దాటారు. ఒక దేశం నుంచి రాకపోతే మరో దేశం వైపు తిరగడం ఆ పరిశ్రమకు అలవాటే.

రాజాం నుంచి హుల్హులే

మాల్దీవుల కౌలు చరిత్రలో తెలుగువారి పేరు గట్టిగా వినిపించే ఘట్టం విమానాశ్రయానిది. ఉత్తరాంధ్రలోని రాజాంకు చెందిన గ్రంథి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థ, శంషాబాద్ విమానాశ్రయం కట్టిన సంస్థే, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి 2010 జూన్‌లో మాలె విమానాశ్రయాన్ని 25 ఏళ్లకు తీసుకుంది. ప్రాజెక్టు విలువ 50 కోట్ల డాలర్ల పైమాటే. అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ సలహాతో నడిచిన టెండరు అది. ప్రయాణికుల నుంచి 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేసుకోవచ్చని ఒప్పందంలో ఉంది. 2011 చివర్లో అక్కడి సివిల్ కోర్టు దాన్ని ఆపేసింది. 2012 ఫిబ్రవరిలో అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ పదవి కోల్పోయారు, నవంబరులో కొత్త ప్రభుత్వం ఒప్పందమే చెల్లదని ప్రకటించి డిసెంబరులో విమానాశ్రయాన్ని వెనక్కి తీసుకుంది. ఒప్పందం చెల్లుతుందని 2014లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తేల్చింది. 2016లో మాల్దీవులు సుమారు 27 కోట్ల డాలర్లు పరిహారంగా చెల్లించాయి.

ఈ కథను భారత్–మాల్దీవుల దౌత్య కథగా చదవడం మామూలు. కౌలు వైపు నుంచి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. ఎన్నో దీవులను విదేశీ సంస్థల చేతికి ఎప్పటి నుంచో ఇచ్చిన సమాజం ఈ ఒక్క దీవిని ఇచ్చేసరికి భగ్గుమంది. రిసార్టు దీవికి మాల్దీవియన్ మామూలుగా వెళ్లడు, వెళ్లాల్సిన అవసరమూ లేదు. చికిత్సకు తిరువనంతపురం వెళ్లేవాడు, కొలంబోలో చదువుకునే పిల్ల, గల్ఫ్ విమానం పట్టుకునేవాడు అందరూ దాటే గడప విమానాశ్రయం. పర్యాటక కౌలు మొదటిసారి వాళ్ల సొంత జేబును తాకింది. ఇరు పక్షాలూ ఈ సంగతి ముందే గ్రహించి, స్థానికులకు రుసుము మినహాయించే షరతు రాసుకుని ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదనుకుంటాను. ఇవాళ మాల్దీవుల ప్రభుత్వమే విదేశీ ప్రయాణికుల నుంచి తరగతిని బట్టి 50 నుంచి 480 డాలర్ల దాకా నిష్క్రమణ పన్ను తీసుకుంటోంది.

టెండరు లేని దీవులు

కౌలుకిచ్చే అధికారం ఒక చోట పోగుపడితే ఏమవుతుందో 2014, 2015లలో తేలింది. పర్యాటక ప్రచారం కోసం ఏర్పడిన ప్రభుత్వ సంస్థ మాల్దీవ్స్ మార్కెటింగ్ అండ్ పబ్లిక్ రిలేషన్స్ కార్పొరేషన్ ద్వారా పదుల సంఖ్యలో దీవులు, లగూన్లు (పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ జలాలు) బహిరంగ టెండరు లేకుండా చేతులు మారాయి. కౌలు కింద వచ్చిన సొమ్ము ఖజానాకు చేరలేదు. సుమారు 7.9 కోట్ల డాలర్లు దారి మళ్లాయని 2016 ఫిబ్రవరిలో ఆడిటర్ జనరల్ నివేదిక బయటపెట్టింది. ఆ దేశ చరిత్రలో అతిపెద్ద అవినీతి వ్యవహారం అదే. ఇనుప గనులో బొగ్గు గనులో కేటాయించిన కుంభకోణాలు చూసిన మనకు దీని పోకడ తెలిసిందే: ప్రకృతి వనరు రాజ్యానిది, దానికి ధర కట్టేది కొద్దిమంది, ఆ ధర జనానికి కనిపించదు.

మాఫుషి దారి

2008 ఎన్నికలతో గయూమ్ ముప్పై ఏళ్ల పాలన ముగిసింది. నషీద్ ప్రభుత్వం జనం ఉన్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు అనుమతి ఇచ్చింది, అటాళ్ల మధ్య ఫెర్రీలు నడిపింది. నా దృష్టిలో 1972 తర్వాత మాల్దీవుల పర్యాటకంలో జరిగిన అతి పెద్ద మార్పు ఇది. మాలె నుంచి ఫెర్రీలో గంటన్నర దూరంలో ఉన్న మాఫుషికి అంతవరకు జైలు వల్లే పేరు. 2010లో అక్కడ మొదటి గెస్ట్‌హౌస్ తెరుచుకున్నాక పదేళ్లలో ఆ ఊరు రూపే మారిపోయింది. ఇంటి పైన రెండు అంతస్తులు వేసి గదులు కట్టినవాళ్లు, డైవింగ్ నేర్పేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, వీధి హోటళ్లు. తులుస్‌దూ అలల మీద సర్ఫింగ్‌కు, దిగురా తిమింగిల సొరచేపలకు, ఉకుల్హస్ చెత్త నిర్వహణకు పేరు తెచ్చుకున్నాయి. 2019 నాటికి గెస్ట్‌హౌస్‌లు ఐదు వందలు దాటాయి.

సంస్కృతికి వస్తుందని భయపడిన ముప్పును ఊళ్లు తమకు తోచినట్టు సర్దుకున్నాయి. ఊరి చివర తడికె కట్టి ‘బికినీ బీచ్’ అని బోర్డు పెట్టారు. మిగతా ఊళ్లో ఒళ్లు కప్పుకుని తిరగాలి. మద్యం కావాలనుకున్నవాడు తీరానికి దూరంగా లంగరేసిన పడవకు వెళతాడు. ఈ ఏర్పాటు అందరికీ నచ్చిందని చెప్పలేం. కానీ పై నుంచి దిగిన నిషేధం కంటే ఊరి మండలి చర్చించి గీసుకున్న హద్దు మన్నికైనదని పదిహేనేళ్ల అనుభవం చూపిస్తోంది.

ఆర్థికంగా తేడా ఇంకా స్పష్టం. గెస్ట్‌హౌస్‌లో 10 డాలర్లు ఖర్చయితే అది పక్క కొట్టుకు, పడవవాడికి, చేప పట్టినవాడికి చేరే అవకాశం రిసార్టులో కంటే ఎక్కువ. స్త్రీలు ఇంటి దగ్గరే ఉంటూ వంట, నిర్వహణ, లెక్కలు చూడగలుగుతున్నారు. 2019లో వికేంద్రీకరణ చట్టానికి చేసిన సవరణ ప్రభుత్వ ఆదాయంలో కనీసం 5 శాతం దీవుల మండళ్లకు ఇవ్వాలంది, మండళ్లలో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. 2022లో మొదలైన రాజ్జే ట్రాన్స్‌పోర్ట్ లింక్ స్పీడ్ ఫెర్రీలు దూరపు దీవులను కూడా ఈ దారిలో కలుపుతున్నాయి. పడకల్లో ఎక్కువ భాగం నేటికీ రిసార్టులవే, రాబడిలో వాటి వాటా మరీ ఎక్కువ. గెస్ట్‌హౌస్‌లు వాటిని తోసిరాజంటాయని ఎవరూ అనడం లేదు. కౌలు పట్టే స్తోమత లేనివాడికి కూడా పర్యాటకంలో చోటు దొరికిందన్నదే వాటి విలువ.

ఇక్కడ మారిషస్‌ను ఒకసారి చూడాలి. కోరంగి రేవు నుంచి వెళ్లిన చెరకు కూలీల వారసులుగా తెలుగువారు గట్టిగా నిలబడిన దీవి అది. అక్కడ పర్యాటకం చక్కెర, బట్టలు, ఆర్థిక సేవల సరసన ఒక స్తంభం మాత్రమే. సముద్రతీరం ప్రజలది, హోటలు ముందున్న ఇసుకలో కూడా స్థానిక కుటుంబం ఆదివారం చాప పరుచుకుని కూర్చోగలదు. మాల్దీవుల పౌరుడికి తన దేశపు నూట డెబ్బై పైచిలుకు రిసార్టు దీవుల ఇసుక మీద ఆ హక్కు లేదు.

తొంభై తొమ్మిదేళ్లు, ఒకటిన్నర మీటరు

లీజు కాలాన్ని 2010లో 50 ఏళ్ల దాకా, తర్వాత 99 ఏళ్ల దాకా పొడిగించే వీలు కల్పించారు. బ్యాంకులు పెద్ద అప్పులివ్వాలంటే కౌలు దీర్ఘంగా ఉండాలన్నది వాదన. అదే సమయంలో ఆ నేల సగటున సముద్ర మట్టానికి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంది. 1998లో వేడెక్కిన సముద్రం లోతు తక్కువ చోట్ల ఉన్న పగడాల్లో అత్యధిక భాగాన్ని చంపేసింది. కోలుకుంటున్నవాటిని 2016 మళ్లీ దెబ్బతీసింది. పగడం చస్తే దీవికి అల అడ్డం ఉండదు, ఇసుక నిలవదు. రిసార్టులు ఏటా ఇసుక తోడి తీరం నింపుకుంటున్నాయి. 1992 నుంచి మాలె, రిసార్టుల చెత్తను పోసిన తిలఫుషి ఒక దీవిగానే తయారైంది. ఇంత పెళుసు నేల మీద 99 ఏళ్ల హక్కు రాసిస్తున్నప్పుడు, ఆ పత్రంలో పగడపు దిబ్బ బాధ్యత ఎవరిదో రాయకపోవడం సహించరాని లోపం. 2010లో సొరచేపల వేట పూర్తిగా నిషేధించినప్పుడు ఆ దేశం ఇంతకంటే మెరుగైన లెక్క వేసింది. చచ్చిన సొరచేప ఒక్కసారి అమ్ముడవుతుంది, బతికి ఉంటే దాన్ని చూడడానికి డైవర్లు ఏళ్ల తరబడి వస్తారు. అదే లెక్కను పగడాలకూ వర్తింపజేసే కౌలు షరతులు ఇంకా రావలసి ఉంది.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. 2021లో లక్షద్వీప్ యంత్రాంగం మినికాయ్, సుహేలి, కడ్మత్ దీవుల్లో మాల్దీవుల తరహా నీటి విల్లాలకు టెండర్లు పిలిచింది. మినికాయ్ ప్రజలు మాట్లాడేది మాల్దీవుల భాష ధివేహి మాండలికమే. అక్కడి జాలర్లు కూడా గాలం కర్రతోనే ట్యూనా పడతారు. ఆ వేటకు ముందు బతికున్న ఎర చేపలు కావాలి, అవి దొరికేది లగూన్ లోపలి నిశ్చల జలాల్లో. నీటి విల్లాలకు అనువైన చోటు కూడా సరిగ్గా అదే. జనం లేని దీవిని కౌలుకిచ్చిన మాల్దీవులకు తొలి దశలో ఈ తగాదా పెద్దగా ఎదురుకాలేదు. పదివేల మంది నివసిస్తున్న మినికాయ్‌లో మొదటి రోజు నుంచే ఎదురవుతుంది. ఏ విల్లాకు కొలతలు తీయకముందే ఎర చేపలు పట్టే చోట్లను జాలర్లతో కలిసి పటంలో గుర్తించాలి. ఆ పటాన్ని లీజు పత్రానికి జతచేసి, గుర్తించిన నీటిని కౌలు నుంచి పూర్తిగా మినహాయించాలి.